ఒక్క జత స్కీలు, ఎన్నో మంచులు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే చాలా తెలుగు ఇళ్ళలో శీతాకాలపు శనివారం అంటే టాహో ప్రయాణమే. తెల్లవారకముందే బయల్దేరి, ఇంటర్‌స్టేట్ 80 మీద డానర్ కనుమ దాకా ఎక్కి, తొమ్మిదింటికల్లా లిఫ్ట్ దగ్గర వరసలో నిలబడతారు. రాత్రి తుఫాను వెలిసి ఉంటుంది. మోకాలి లోతున కొత్త మంచు. అద్దెకి తెచ్చుకున్న స్కీలు మొదటి రెండు గంటలూ చెప్పిన మాట వింటాయి. పదకొండయ్యేసరికి అవే స్కీలు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి కొండ దిగువన, ఎవరో వెనక నుంచి కాళ్ళు పట్టుకున్నట్టు ఉన్నట్టుండి ఆగిపోతాయి. మర్నాడు పొద్దున అదే వాలు మీద అంచులు పట్టక జర్రున జారతాయి. కొందరు తమకి చేతకాలేదని బాధపడతారు. ఇంకొందరు అద్దె దుకాణానికి వెళ్ళి ఇంతకన్నా వెడల్పువి ఇమ్మంటారు.

నిజానికి ఈ ఇరవైనాలుగు గంటల్లో ఆ స్కీల కింద కనీసం నాలుగు రకాల మంచు మారింది. ఒక్కో రకం స్కీని ఒక్కో పని అడుగుతుంది. ఆ పనులు ఒకదానితో ఒకటి పడవు. దుకాణాల్లో ఆల్ మౌంటెన్ అన్న పేరుతో అమ్మే స్కీలు ఈ చిక్కుకి జవాబుగా వచ్చినవే. వాటిలో ఏది కొనాలని అడిగితే, అమ్మేవాళ్ళు ముందుగా చెప్పే అంకె నడుము వెడల్పు, అంటే స్కీ మధ్యభాగం ఎన్ని మిల్లీమీటర్లు ఉందన్నది. ఆ ఒక్క అంకెకి మనం ఇస్తున్న విలువ ఎక్కువ. కొనే మనిషి బరువుకీ, ఎక్కే కొండ మీది మంచుకీ ఇస్తున్నది తక్కువ. ఈ మాట ఎందుకంటున్నానో తేలాలంటే ముందు మంచు సంగతి చూడాలి.

పడ్డాక మంచు ఊరుకోదు

మైనస్ 5 డిగ్రీల చలి మనకి ఎముకలు కొరికే చలి. మంచుకి మాత్రం అది కరిగే స్థానానికి ఐదు డిగ్రీల దూరం, అంతే. ఇనుమును దాని కరిగే స్థానానికి అంత దగ్గరగా తీసుకెళితే తెల్లగా మండుతూ మెత్తబడి ఉంటుంది. కొండ మీది మంచు ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉండే పదార్థం. అందుకే దాని రేణువులు కుదురుగా ఉండవు.

ఆరు కొమ్మల నక్షత్రాల్లా రాలిన స్ఫటికాల మొనలు గంటల్లోనే అరిగిపోతాయి. మొన దగ్గర ఉన్న నీటి అణువులు ఆవిరిగా లేచి, రెండు రేణువులు తాకే సందులో మళ్ళీ గడ్డకడతాయి. అక్కడ సన్నని అతుకు ఏర్పడుతుంది. ఆ అతుకు లావెక్కేకొద్దీ విడివిడి రేణువులన్నీ ఒకే ముద్ద అవుతాయి. లోహపు పొడిని పూర్తిగా కరిగించకుండానే వేడిచేసి యంత్రభాగాలు తయారుచేసే పరిశ్రమల్లో జరిగేదీ ఇదే. దానికి సింటరింగ్ అని పేరు. మంచులో ఈ పని చేసిపెట్టడానికి కొలిమి అక్కర్లేదు, కొండ మీది చలే చాలినంత వేడి.

స్కీ రిసార్టుల్లో రాత్రిపూట తిరిగే స్నోక్యాట్ యంత్రాలు ఈ గుణాన్నే వాడుకుంటాయి. వెనక ఉన్న పళ్ళ రోలరుతో మంచుని పిండి చేసి పరుస్తాయి. రేణువులు చిన్నవై, దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి అతుకులు త్వరగా పడతాయి. పొద్దున మనకి కనబడే సన్నచాళ్ళ బాట తెల్లవార్లూ అలా గట్టిపడిందే. గాలి కూడా యంత్రం లేకుండా ఇదే పని చేస్తుంది. స్ఫటికాలను దొర్లించి, విరిచి, కొండకి గాలి తగలని వైపున పలకలుగా పేరుస్తుంది. ఎండ వేరే దారి పడుతుంది. పై పొరని కరిగించి వదిలేస్తే రాత్రి చలికి అది గట్టి పెంకు అవుతుంది. అడుగున మాత్రం మెత్తగానే ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజూ పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, చివరికి రేణువులన్నీ గుండ్రటి గింజలవుతాయి. స్కీయర్లు కార్న్ అని పిలిచేది దీన్నే. ఈ మంచు ఎనిమిదింటికి బండరాయి. పదిన్నరకి పైన రెండు సెంటీమీటర్లు వదులై అద్భుతంగా ఉంటుంది. మధ్యాహ్నానికి జావ.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కొత్తగా పడ్డ మంచు ఘనమీటరు తూచితే 50 నుంచి 120 కిలోలు ఉంటుంది. గాలి పేర్చిన పలక 300 దాటుతుంది. యంత్రంతో చదును చేసిన బాట 450, 500 దాకా వెళ్తుంది. నీరు నిలిచి గడ్డకట్టిన చోట 900 దగ్గరికి చేరుతుంది. ఒకే కొండ, ఒకే శనివారం, కాళ్ళ కింది నేల సాంద్రతలో పదిరెట్ల తేడా.

దీనికి తోడు ప్రాంతం. టాహో చుట్టూ ఉన్న సియెరా నెవాడా కొండలకి మంచు తెచ్చే తుఫానులు పసిఫిక్ మహాసముద్రం మీది నుంచి నేరుగా వస్తాయి. తేమ ఎక్కువ, చలి అంతంతమాత్రం. కొత్త మంచులో నీటి పాళ్ళు సగటున 12 శాతం దాకా ఉంటాయి. అదే గాలి నెవాడా ఎడారి దాటి యూటాలోని వాసాచ్ కొండలు ఎక్కేసరికి పొడిబారి, అక్కడ పడే మంచులో ఆ పాళ్ళు 8, 9 శాతానికి తగ్గుతాయి. టాహోవాళ్ళు తమ మంచుని సియెరా సిమెంట్ అని పిలవడం ఊరికే కాదు. డానర్ కనుమ దగ్గర 1946 నుంచి మంచుని కొలుస్తున్న సెంట్రల్ సియెరా స్నో ల్యాబ్ 2022-23 శీతాకాలంలో 754 అంగుళాలు, అంటే 19 మీటర్లకు పైగా లెక్కగట్టింది. అంత మంచు పడేచోటు అది. కానీ పడ్డది తేలికగా ఉండదు, పడ్డట్టు ఎక్కువసేపూ ఉండదు.

దిగబడకుండా నిలబడటం

నాట్లకి దమ్ము చేసిన మడిలో కాలు పెడితే పిక్కదాకా దిగబడుతుంది. అదే మడిలో వెడల్పాటి పలక వేసి దాని మీద నిలబడితే పలక కాస్త కుంగి ఆగుతుంది. మన బరువు అదే, దాన్ని పంచుకునే నేల పెరిగింది. పొడిమంచులో స్కీ చేసే మొదటి పని ఇదే.

లెక్క వేసి చూద్దాం. స్కీ బూటు అడుగు సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. రెండూ కలిపి 420 చదరపు సెంటీమీటర్లు. 172 సెంటీమీటర్ల పొడవు, సగటున పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న స్కీల జత 3,600 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. బూట్లతో నడుము లోతు దిగబడే మంచులో స్కీలతో నిలబడగలగడానికి కారణం ఇంతే.

అయితే స్కీ ఇంకాస్త వెడల్పయితే ఇంకెంత లాభం? నడుము 80 మిల్లీమీటర్లు ఉన్న స్కీని వదిలి 110 ఉన్నదానికి మారితే అంకె బాగా పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ ముందు కొన, వెనక కొన అంతగా పెరగవు కాబట్టి మొత్తం వైశాల్యం పెరిగేది దాదాపు నాలుగో వంతు మాత్రమే. ఇక దుకాణాల్లో గంటలతరబడి తర్జనభర్జన పడే తేడా, 98 తీసుకోవాలా, 104 తీసుకోవాలా అన్నది, నాలుగైదు శాతానికి మించదు. 75 కిలోల మనిషి నాలుగు కిలోల వీపుసంచి తగిలించుకున్నాడంటే ఆ లాభం అక్కడికక్కడ చెల్లు. 172 సెంటీమీటర్ల స్కీకి బదులు అదే స్కీ 180 తీసుకున్నా అంతే లాభం వస్తుంది.

మనిషి బరువు సంగతి వేరు. 55 కిలోల మనిషి, 85 కిలోల మనిషి ఒకే స్కీ మీద నిలబడితే రెండోవాళ్ళ కింద ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. ఆ తేడాని పూడ్చేంత వెడల్పు స్కీ మార్కెట్లో లేదు. 55 కిలోల మహిళ 165 పొడవు, 88 నడుము ఉన్న స్కీ మీద పొడిమంచులో తేలినంతగా, 85 కిలోల పురుషుడు 185 పొడవు, 110 నడుము ఉన్న స్కీ మీద కూడా తేలడు. అయినా దుకాణాల్లో, సమీక్షల్లో నడుము అంకెని బరువుతో కలిపి చెప్పేవాళ్ళు అరుదు. సమీక్షలు రాసేవాళ్ళలో ఎక్కువమంది బలంగా, వేగంగా స్కీ చేసేవాళ్ళు. వాళ్ళకి సరిపడ్డ వెడల్పుని తేలికపాటి మనిషి కొనుక్కుంటే అనవసరమైన భారాన్ని రోజంతా మోయడమే అవుతుంది.

వేగం కూడా ఇందులో భాగస్వామే. స్కీ కదిలేటప్పుడు లేచిన ముందు కొన ఎదురొచ్చే మంచుని కిందికి తోస్తుంది, ఆ తోపుకి బదులుగా స్కీ పైకి లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఈ లేపుడు పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పొడిమంచులో భయపడి నెమ్మదిస్తే మరింత దిగబడటం ఇందువల్లే.

గట్టి బాట మీద అంచుదే పెత్తనం

దిగబడని చోట వెడల్పుతో పనేముంది? చదును చేసిన బాట మీద స్కీ మునగదు. అక్కడ కావలసింది పట్టు. ఆ పట్టు ఇచ్చేది స్కీ అడుగున రెండు పక్కలా బిగించిన సన్నని ఉక్కు అంచు. స్కీని పక్కకి వాల్చగానే మన బరువంతా చదునైన అడుగు మీది నుంచి ఆ ఉక్కు గీత మీదికి వస్తుంది. ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగి అంచు మంచులోకి దిగుతుంది.

ఇక మలుపు ఎలా వస్తుందో చూడండి. స్కీకి రెండు కొనలూ వెడల్పు, నడుము సన్నం. పక్కకి వాల్చినప్పుడు ముందు కొన, వెనక కొన మంచుకి తాకుతాయి, నడుము గాలిలో ఉంటుంది. మనిషి బరువుకి నడుము కిందికి వంగి మంచుని తాకేసరికి స్కీ మొత్తం వంపు తిరుగుతుంది. ఆ వంపు వెంటే అది పరిగెడుతుంది. మనం మలుపు తిప్పనక్కర్లేదు, వాల్చి నిలబడితే చాలు. ఎంత వాలిస్తే అంత బిగువైన మలుపు. 18 మీటర్ల వ్యాసార్ధం అని రాసివున్న స్కీని 35 డిగ్రీలు వాలిస్తే దాదాపు 15 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. పందెగాళ్ళలా 60 డిగ్రీలు వాల్చగలిగితే 9 మీటర్లకు వస్తుంది.

సన్నని నడుము కొత్త ఆలోచన కాదు. నార్వేలోని టెలెమార్క్ ప్రాంతానికి చెందిన సోంద్రె నూర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే అలాంటి స్కీల మీద మలుపులు తిరిగాడు. కానీ ఆ తర్వాత వంద సంవత్సరాలకు పైగా నడుము లోతు కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. స్కీలు రెండు మీటర్లు దాటిన పొడవుతో, 40 మీటర్లకు పైబడిన వ్యాసార్ధంతో ఉండేవి. వాటిని తిప్పడానికి కాళ్ళ బలమంతా కావలసి వచ్చేది. 1993లో స్లొవేనియాలోని ఎలాన్ కంపెనీ కొనలు బాగా విప్పారిన ఎస్‌సీఎక్స్ స్కీని తెచ్చాక ఆ యుగం ముగిసింది. ఈ రోజు ఒక వారంలో కొత్తవాళ్ళు మలుపులు నేర్చుకోగలుగుతున్నారంటే ఆ మార్పు పుణ్యమే.

వెడల్పు స్కీ ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. నడుము 70 మిల్లీమీటర్లయితే అంచు మన చీలమండ మధ్యగీతకి 35 మిల్లీమీటర్ల దూరంలో, సరిగ్గా బూటు అంచు కిందే ఉంటుంది. నడుము 110 అయితే ఆ దూరం 55. గట్టి మంచు మీద నేల నుంచి వచ్చే తోపు అంతా ఆ అంచు మీదే పడుతుంది కాబట్టి, అదనపు 20 మిల్లీమీటర్లు ఒక మీట లాగా పనిచేసి స్కీని మళ్ళీ చదునుగా పడుకోబెట్టాలని చూస్తాయి. దాన్ని ఆపాల్సింది మన చీలమండ, మోకాలు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికీ సమయం ఎక్కువ పడుతుంది. స్లాలం పందెగాళ్ళు గాజులాంటి మంచు మీద 70 మిల్లీమీటర్లకు లోపు నడుము ఉన్న స్కీలే కట్టుకోవడం ఇందుకే. మెత్తటి మంచులో ఈ మీట బాధ లేదు. అక్కడ స్కీ అడుగు మొత్తం మంచుని ఆనుకుని ఉంటుంది, తోపు అంచు మీద కాకుండా వెడల్పంతా పరుచుకుంటుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వారానికి ఐదు రోజులు కుర్చీలో కూర్చుని ఆరో రోజు కొండెక్కేవాళ్ళు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు.

బాక్స్: స్కీ మీద రాసివున్న అంకెలు

*132-96-118 అని ఉంటే వరసగా ముందు కొన, నడుము, వెనక కొన వెడల్పులు మిల్లీమీటర్లలో. పక్కన 17 మీ. అని ఉంటే స్కీ పక్క వంపుని పూర్తి వలయంగా గీస్తే వచ్చే వ్యాసార్ధం. 12, 13 మీటర్లుంటే చిన్న చిన్న మలుపులకి ఆరాటపడుతుంది. 20 దాటితే పొడవాటి మలుపులకి, వేగానికి ఇష్టపడుతుంది. అన్ని మంచులకీ పనికొచ్చేవి ఎక్కువగా 15 నుంచి 18 మధ్య ఉంటాయి. 177 లాంటి అంకె పొడవు, సెంటీమీటర్లలో. నిలబెడితే గడ్డానికి, నుదుటికి మధ్య వచ్చేది మామూలు ఎంపిక. కొనలు బాగా లేచి ఉన్న స్కీ అయితే నేలని తాకే పొడవు తగ్గుతుంది కాబట్టి కాస్త పొడవుగా తీసుకోవచ్చు. ఒకే నమూనాలో పొడవు మారితే మిగతా అంకెలూ కొద్దిగా మారతాయి, అందుకని కొనబోయే పొడవు మీద ఉన్నవే చదవాలి.*

మధ్యలో లేచి, కొనల్లో లేచి

స్కీని చదునైన బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. పాత పద్ధతి స్కీకి మధ్యభాగం బల్లని తాకదు, కొద్ది మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. దీన్ని క్యాంబర్ అంటారు. మనం ఎక్కి నిలబడినప్పుడు ఆ వంపు అణిగి, బరువుని కొనలదాకా నెడుతుంది. గట్టి బాట మీద అంచు పొడవంతా పట్టు దొరికేది దీనివల్లే. మలుపు ముగిశాక ఆ వంపు తిరిగి లేస్తూ మనల్ని తర్వాతి మలుపులోకి తోస్తుంది.

పొడిమంచులో ఇదే గుణం ఎదురుతిరుగుతుంది. కొనలని కిందికి నొక్కితే అవి మంచులో గుచ్చుకుంటాయి. దీనికి మందు కనిపెట్టిన పేరు షేన్ మెకాంకీది. టాహో పక్కన స్క్వా వ్యాలీలో, అంటే 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన, ఇప్పుడు పాలిసేడ్స్ టాహో అని పిలిచే చోట స్కీ చేసిన మనిషి. లోతైన మంచు నీటికి దగ్గర, గట్టి నేలకి కాదు అని అతని వాదం. నీటి మీద జారే స్కీలకి కొనలు పైకి లేచి ఉంటాయి, నడుము సన్నగా ఉండదు. అతను అలాస్కా కొండల మీద నిజంగానే నీటి స్కీలు కట్టుకుని దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ అతని ఆలోచనతో తెచ్చిన స్పాచులా స్కీకి మధ్యభాగం కొనలకంటే వెడల్పు, రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి. పొడిమంచులో దాన్ని మించింది లేదన్నారు. గట్టి బాట మీద మాత్రం దానికి పట్టే లేదు.

ఇప్పుడు మనకి దొరికే ఆల్ మౌంటెన్ స్కీలు ఈ రెండు ఆలోచనల పెళ్ళితో పుట్టినవి. బూటు కింద క్యాంబర్, కొనల దగ్గర మెల్లగా లేచే రాకర్. గట్టి బాట మీద చదునుగా ఉన్నప్పుడు కొనలు నేలకి కాస్త పైన ఉండి స్కీ పొట్టిదానిలా తేలిగ్గా తిరుగుతుంది. వాల్చినప్పుడు అంచు చాలావరకు దిగుతుంది. పొడిమంచులోకి వెళితే ముందు కొన పైకి దారి చూపుతుంది. అందుకే నా దృష్టిలో నడుములో ఆరు మిల్లీమీటర్ల కన్నా రాకర్ ఎంత పొడవున ఉందన్నది ముఖ్యం. 104 నడుము ఉండి కొనలు లేవని స్కీ కంటే, 95 నడుము ఉండి ముందు కొన మెల్లగా పొడవుగా లేచిన స్కీ టాహో బరువు మంచులో బాగా నడుస్తుంది. కొనల రాకర్ మరీ పొడవైతే మాత్రం అంచులో పనికొచ్చే భాగం తగ్గి, ఆదివారం పొద్దుటి గట్టి మంచు మీద కొనలు టపటప కొట్టుకుంటాయి.

పదకొండింటి మంచు, లోపలి లోహం

పొడిమంచు రోజున లిఫ్ట్ తెరిచిన రెండు గంటలకి జనం దిగి దిగి వాలంతా కుప్పలు కుప్పలవుతుంది. కుప్పకీ కుప్పకీ మధ్య గట్టి నేల. టాహోలో స్కీ చేసేవాళ్ళు నిజంగా ఎక్కువసేపు గడిపేది ఈ చెదిరిన మంచులోనే. పొద్దుటి గంటన్నర పొడిమంచుని తలుచుకుని స్కీ కొని, మిగతా ఐదు గంటలు ఈ కుప్పల్లో అవస్థ పడటం చాలామంది చేసే ఎంపిక.

కుప్ప తగిలినప్పుడు ముందు కొన మీద ఒక్కసారిగా తోపు పడుతుంది. స్కీ తేలికైతే దారి తప్పుతుంది. బరువున్నదైతే కుప్పని చీల్చుకుపోతుంది. తగిలిన దెబ్బకి స్కీ కంపిస్తుంది కూడా. కంపించే అంచు మంచుని తాకుతూ, వదులుతూ ఉంటుంది, వదిలిన క్షణంలో పట్టు ఉండదు. ఈ కంపనాన్ని మింగడానికే స్కీ లోపల పొరలు.

అమెరికాలో విమానాల ఇంజనీరు హొవార్డ్ హెడ్ 1947లో విమానాల తయారీ పద్ధతిలో రెండు అల్యూమినియం రేకుల మధ్య తేలికపాటి పదార్థాన్ని అతికించి స్కీ చేశాడు. మొదటివి విరిగిపోయాయి. మధ్యలో కొయ్య పెట్టి, మార్చి మార్చి 1950కి నిలిచే స్కీని సాధించాడు. ఈనాటి మంచి స్కీ కూడా మూలంలో అదే. మధ్యలో పాప్లార్, బీచ్ లాంటి చెక్క పట్టీలు, పైనా కిందా ఫైబర్‌గ్లాస్, కొన్నింటిలో అర మిల్లీమీటరు మందపు టైటనాల్ రేకులు. పేరులో టైటానియం వినిపించినా టైటనాల్ గట్టి అల్యూమినియం మిశ్రమలోహమే. రేకుకి, కొయ్యకి మధ్య పలచని రబ్బరు పొర పెడతారు. స్కీ కంపించినప్పుడు ఆ రబ్బరు సాగి, కంపన శక్తిని కొద్దిపాటి వేడిగా మార్చి చల్లారుస్తుంది.

లోహం ఉంటే బరువు, నిబ్బరం, గట్టి మంచు మీద పట్టు. లేకపోతే తేలిక, చురుకుదనం, తప్పుల్ని మన్నించే గుణం. నడుము అంకె దాదాపు ఒకటే అయినా స్వభావం ఎంత వేరో చూడాలంటే 96 నడుము ఉన్న ఫోల్క్‌ల్ ఎం6 మాంట్రానీ, 100 నడుము ఉన్న అటామిక్ బెంట్ 100నీ ఒకే రోజు తొక్కి చూడాలి. మొదటిదానిలో టైటనాల్ చట్రం ఉంది, అది వేగాన్నీ, బలమైన కాళ్ళనీ అడుగుతుంది. రెండోదానిలో లోహపు రేకులు లేవు, నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకీ చెట్ల మధ్య తిరిగేవాళ్ళకీ హాయి. 60 కిలోల మధ్యరకం స్కీయరు రెండు పూర్తి రేకులున్న స్కీని వంచలేరు. వంచలేని స్కీ మలుపు తిరగదు, ముందే చెప్పుకున్నట్టు మలుపు ఆ వంపులోంచే వస్తుంది కాబట్టి.

రెండింటికి కాళ్ళు ఎందుకు ఆగిపోతాయి

స్కీ జారేది పొడి మంచు మీద కాదు, తానే తయారుచేసుకున్న నీటి మీద. రాపిడి వేడికి రేణువుల పైన సూక్ష్మమైన నీటి పొర ఏర్పడుతుందని బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రాయోఖ్ కేంద్రంలో చేసిన ప్రయోగాల ఆధారంగా 1939లో ప్రకటించారు. గడ్డుచలిలో ఆ నీరు చాలదు, స్కీ ఇసుకలో లాగా గరగరలాడుతుంది. వెచ్చటి మధ్యాహ్నం నీరు ఎక్కువై, అడుగుకి, మంచుకి మధ్య ఖాళీ లేకుండా నిండి పీల్చి పట్టుకుంటుంది. అద్దె స్కీలు ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం ఇదే. దీనికి వెడల్పు మందు కాదు. స్కీ అడుగున సన్నని గాళ్ళు చెక్కించడం, వెచ్చటి మంచుకి సరిపడే మైనం పట్టించడం మందు. సర్వీసు దుకాణంలో కొద్ది డబ్బుతో అయ్యే పని.

అయితే ఏది కొనాలి

అన్ని మంచుల్లోనూ మొదటి స్థానంలో నిలిచే స్కీ ఉండదు. ఉండటానికి వీల్లేదు. తేలడానికి కావలసింది, పట్టుకోవడానికి కావలసింది ఒకదానికొకటి ఎదురు. కాబట్టి మీరు కలలు కనే మంచుకి కాకుండా, మీ కాళ్ళ కింద ఎక్కువ గంటలు ఉండే మంచుకి కొనండి.

టాహోకి వెళ్ళే 70, 80 కిలోల మధ్యరకం స్కీయరుకి నా సలహా 92 నుంచి 98 మధ్య నడుము, బూటు కింద క్యాంబర్, ముందు కొనలో నిదానంగా లేచే రాకర్, పూర్తి రేకులు కాకుండా కొంతమేర లోహం. 60 కిలోల లోపువాళ్ళకి 86 నుంచి 92, లోహం లేకుండా లేదా బాగా తక్కువతో. 90 కిలోలు దాటినవాళ్ళు 100 దాకా వెళ్ళి, పొడవు కూడా ఒక మెట్టు పెంచుకోవాలి. న్యూజెర్సీ, బోస్టన్ వైపు ఉండి పొకోనోస్‌కీ, వెర్మాంట్‌కీ వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. అక్కడ చాలా రోజులు యంత్రాలు చేసిన మంచు, గడ్డకట్టిన మంచు. 80 నుంచి 88 చాలు, అంతకు మించితే మోకాళ్ళకి శిక్షే. సియాటిల్ వైపు కాస్కేడ్ కొండల్లో లోతైన తడిమంచు పడుతుంది, 96 నుంచి 104 దాకా న్యాయం. యూటా, కొలరాడోల్లో పొడిమంచు లోతు చూసి ఊరించే వెడల్పులు చాలా కనిపిస్తాయి. సంవత్సరానికి ఒక్కసారి డల్లాస్ నుంచో, అట్లాంటా నుంచో వెళ్ళేవాళ్ళు మాత్రం అక్కడే అద్దెకి తీసుకోవడం మేలు, ఆ వారం పడ్డ మంచుని బట్టి మార్చుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి గుల్‌మార్గ్ వెళ్ళేవాళ్ళ ఎదుట రెండు వేర్వేరు కొండలున్నాయి. 2,650 మీటర్ల ఎత్తున ఉన్న దిగువ మైదానంలో మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి పొట్టిగా, మెత్తగా, సన్నగా ఉన్న స్కీ చాలు. వెడల్పువి ఇస్తామన్నా వద్దనండి. గొండోలా రెండో దశ ఎక్కి 3,900 మీటర్లు దాటిన అఫర్వాత్ భుజం మీది నుంచి దిగేవాళ్ళకి చదును చేయని లోతైన మంచు ఎదురవుతుంది. అది 105 దాటిన వెడల్పు అక్కరకొచ్చే చోటు. అక్కడ హిమపాతాల ప్రమాదం నిజం. ఏ స్కీ అయినా దాని నుంచి కాపాడదు. స్థానిక గైడు లేకుండా, ఆ రోజు హెచ్చరిక తెలుసుకోకుండా వెళ్ళకండి.

కొన్నాక అంచుల సంగతి మర్చిపోవద్దు. మొద్దుబారిన అంచున్న ఖరీదైన స్కీ కన్నా పదునైన అంచున్న పాత స్కీ గట్టి మంచు మీద ఎంతో నయం. బైండింగుని మీ బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు పొడవు చెప్పి సాంకేతిక నిపుణుల చేతే సరిచేయించండి. అది పడ్డప్పుడు వదలాలి, పడనప్పుడు వదలకూడదు.

కొనేముందు డెమో స్కీలు తెచ్చుకుని చూసే అవకాశం చాలా రిసార్టుల్లో ఉంది. కొత్త పొడిమంచు పడ్డ రోజున మాత్రం ఆ పరీక్ష పెట్టుకోకండి, ఆ రోజు వెడల్పున్న ప్రతి స్కీ బాగానే ఉంటుంది. తుఫాను వెలిసిన మూడో రోజు వెళ్ళండి. పొద్దున గట్టి బాట మీద ఒకసారి, పదకొండింటికి కుప్పల్లో ఒకసారి, మధ్యాహ్నం జావ మంచులో ఒకసారి దిగండి. మూడింటిలోనూ భయపెట్టని స్కీ కొనుక్కోండి.